పరువుకు వకాల్తా

యాప్రాల్ నుంచి ఒక రిటైర్డ్ సుబేదారుగారు ఉత్తరం రాశారు. సారాంశం ఇదీ: ‘మా అమ్మాయి లా ఆఖరి సంవత్సరం చదువుతోంది. భూముల కేసులు వద్దంటుంది, విడాకుల కేసులు వద్దంటుంది. పరువు నష్టం, ప్రైవసీ... ఈ రెండే చేస్తానంటోంది. అదీ కింది కోర్టులో నిలబడి సాక్షుల్ని ప్రశ్నించే లాయరుగానే ఉంటుందట. అసలు అలాంటి ప్లీడర్లు ఉంటారా? ఉంటే ఆ పని కూడు పెడుతుందా? మా కాలనీలో ఎవర్ని అడిగినా నవ్వి ఊరుకుంటున్నారు.’

అయ్యా, నవ్వినవాళ్లను తప్పు పట్టలేం. మన దగ్గర ప్లీడరంటే భూమి తగాదా, పెళ్లి తగాదా, చెక్ బౌన్సు, యాక్సిడెంటు కేసు. కోర్టుల చుట్టూ ఎన్ని బోర్డులు చదివినా ‘పరువు నష్టం కేసులు చూడబడును’ అని ఎక్కడా ఉండదు. ఉండకూడదు కూడా. ఫలానా రకం కేసుల్లో నిపుణుడినని లాయరు తన బోర్డు మీద రాసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. కాబట్టి ఈ రంగంలో పేరు నోటి మాటగా రావాల్సిందే. లండన్‌లో పీటర్ కార్టర్-రక్ అనే సొలిసిటర్ పరువు నష్టం దావాలతోనే పేరు తెచ్చుకున్నాడు. ఆయన 2003లో పోయాడు. ఆయన పేరు పెట్టుకున్న ఆఫీసు మాత్రం అదే పని చేస్తోంది. మనకింకా అంత విడిగా ఒక శాఖ ఏర్పడలేదు. అలాగని పని లేదని కాదు.

గుమ్మం తొక్కేది ఎవరు?

మీ యాప్రాల్‌నే తీసుకోండి. ఒకప్పుడు ఊరు. చుట్టూ మిలటరీ. రిటైరైన జవాన్లు, ఆఫీసర్లు ఇళ్లు కట్టుకున్నారు. తర్వాత అపార్టుమెంట్లు లేచాయి. ప్రతి అపార్టుమెంటుకు ఒక అసోసియేషన్, ప్రతి అసోసియేషన్‌కు ఒక వాట్సాప్ గ్రూపు. ‘ట్రెజరర్ మెయింటెనెన్స్ డబ్బులు తినేశాడు’ అని రాత్రి పదకొండింటికి ఒకాయన మెసేజ్ పెడతాడు. తెల్లారేసరికి రెండొందల మంది చదివేస్తారు. పక్కింటాయన సీసీ కెమెరా మన వంటింటి కిటికీ వైపు తిప్పి ఉంటుంది. కుదిరిన సంబంధం ఎవరో పంపిన ఆకాశరామన్న ఉత్తరంతో తప్పిపోతుంది. నిన్న నవ్విన పెద్దమనుషులే రేపు మీ అమ్మాయి ఆఫీసు ముందు కుర్చీలో కూర్చుంటారు.

అప్పుడు ఆమె ఏం చెప్పాలన్నదే అసలు విద్య.

పరువు కేసులో మొదట పోయేది ఎవరి పరువు?

పరువు నష్టానికి మన చట్టంలో రెండు దారులున్నాయి. ఒకటి, నష్టపరిహారం కోరుతూ సివిల్ దావా. రెండోది క్రిమినల్ ఫిర్యాదు. పాత శిక్షాస్మృతిలో 499, 500 సెక్షన్లు ఉండేవి. 2024 జులై 1 నుంచి వాటి స్థానంలో భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ వచ్చింది. రెండేళ్ల దాకా సాధారణ ఖైదు, లేదా జరిమానా, లేదా రెండూ, కాదంటే సమాజ సేవ. బ్రిటన్ తన దేశంలో క్రిమినల్ పరువు నష్టాన్ని 2009 చట్టంతో తీసేసింది. మనకు అంటించి పోయిన సెక్షన్ మాత్రం మన దగ్గరే ఉంది. అది రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 2016 మేలో తీర్పు చెప్పింది.

‘స్టేషన్‌కు వెళ్లి కేసు పెడతా’ అని కోపంగా వచ్చినవాళ్లకు చెప్పాల్సిన మొదటి మాట: పోలీసులు దీన్ని నేరుగా కట్టరు. నష్టపోయిన మనిషే మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు వేసుకోవాలి, ప్రమాణం చేసి వాంగ్మూలం ఇవ్వాలి. కొత్త చట్టం ప్రకారం, కేసును విచారణకు స్వీకరించే ముందే అవతలి మనిషి వాదన కూడా వినాలి. రెండో మాట గడువు. సివిల్ దావాకు ఒక్క ఏడాది. క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్లు. ‘పెద్దమనుషుల్లో పెట్టి చూద్దాం’ అనుకుంటూ ఏడాది దాటించేసి, ఆ తర్వాత ప్లీడరు దగ్గరికి పరుగెత్తేవాళ్లకు సివిల్ దారి మూసుకుపోతుంది. మూడో మాట ఖర్చు. నష్టపరిహారం ఎంత కోరితే దాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. ‘పది కోట్లకు దావా’ అని పేపర్లో చదవడానికి బాగుంటుంది, ఫీజు లెక్క వేస్తే నోరెండిపోతుంది.

వీటన్నిటికంటే ముఖ్యమైనది నాలుగోది. పరువు కేసు వేసినవాడే సాక్షి బోను ఎక్కాలి. ఎదుటి ప్లీడరు ఊరికే ఉండడు. ‘మీకు పరువుందని ఎవరు చెప్పారు?’ అన్న దగ్గర మొదలుపెడతాడు. పాత అప్పులు, అన్నదమ్ముల గొడవ, ఆఫీసులో వచ్చిన మెమో... అన్నీ బయటికి లాగుతాడు. గ్రూపులో రెండొందల మంది చదివి మర్చిపోయిన మాట కోర్టు రికార్డులోకి శాశ్వతంగా ఎక్కుతుంది. తనను తిట్టిన మాటను తానే పదిసార్లు చదివి వినిపించాలి. ఇది ముందే చెప్పి, దానికి సిద్ధపడ్డవాడి వకాలత్ మాత్రమే తీసుకునే లాయరు మంచి లాయరు. ఆవేశంలో ఉన్నవాడి దగ్గర ఫీజు పుచ్చుకుని నోటీసు దంచేసే లాయరుకు డబ్బులొస్తాయి గానీ పేరు రాదు.

అవతలి పక్షాన నిలబడ్డప్పుడు కూడా పని తక్కువేం కాదు. చట్టంలో పది మినహాయింపులున్నాయి. సివిల్ దావాలో అన్నది నిజమని రుజువైతే చాలు. క్రిమినల్ కేసులో నిజం ఒక్కటే చాలదు, ప్రజల మేలు కోసం చెప్పానని కూడా నిలబెట్టుకోవాలి. మన ట్రెజరర్ సంగతే చూడండి. లెక్కల మీద అనుమానం ఉంటే ఆ విషయంలో అధికారం ఉన్నవాళ్లకు సద్బుద్ధితో ఫిర్యాదు రాస్తే చట్టం రక్షిస్తుంది. అదే మాట గ్రూపులో దొంగ అన్న బిరుదుతో పెడితే ఆ రక్షణ పల్చబడిపోతుంది. మాట ఒకటే, చెప్పిన చోటు వేరు. నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దలు ఊరికే అనలేదు.

ఇక రుజువు. ఫోన్ తెర ఫొటో తీసి ప్రింటు కొట్టిస్తే సరిపోదు. కొత్త సాక్ష్య చట్టంలో 63వ సెక్షన్ (పాతది 65బి) ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. అది లేక కుప్పకూలిన కేసులున్నాయి. సాక్షుల్ని ప్రశ్నించే నేర్పు ఎంత అవసరమో, ఈ కాగితాల శ్రద్ధ అంతే అవసరం.

చాలా కేసులు తీర్పు దాకా వెళ్లవు. 2024 అక్టోబరులో నటుడు నాగార్జున మంత్రి కొండా సురేఖ మీద నాంపల్లి కోర్టులో క్రిమినల్ పరువు నష్టం ఫిర్యాదు వేశారు. 2025 నవంబరులో ఆమె బహిరంగంగా విచారం తెలిపారు, ఆయన కేసు వెనక్కి తీసుకున్నారు. పెద్దవాళ్లకైనా మనలాంటివాళ్లకైనా ఈ కేసుల్లో దొరికే మంచి ముగింపు చాలాసార్లు ఇదే. డబ్బు కాదు, ఒక్క క్షమాపణ. దాన్ని సరైన సమయంలో, సరైన మాటల్లో రాబట్టడం కూడా ప్లీడరు పనే.

గుట్టుకు తెలుగువాళ్ల వాటా

ప్రైవసీకి మనం ఇప్పుడు గోప్యత అంటున్నాం. అంతకుముందు మనకున్న మాట గుట్టు. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అన్నప్పుడు అది దాచిపెట్టాల్సిన రహస్యం. చట్టం చెప్పే ప్రైవసీ అది కాదు. దాచాల్సిన తప్పేమీ లేకపోయినా, నా ఇంట్లోకి, నా ఒంటి మీదికి, నా కాగితాల్లోకి నువ్వెందుకు తొంగిచూస్తావని అడిగే హక్కు. ఈ హక్కు మన దేశంలో నిలబడడంలో తెలుగువాళ్ల చెయ్యి, తెలుగునేల మీద పుట్టిన కేసుల చెయ్యి చాలా ఉంది. మీ అమ్మాయి ఈ వరుస తెలుసుకోవాలి.

రాజమండ్రిలో పుట్టి మద్రాసులో ప్రాక్టీసు చేసి సుప్రీంకోర్టుకు చేరిన కోకా సుబ్బారావుగారితో మొదలుపెడదాం. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన్ను పోలీసులు బందిపోటు కేసులో అనుమానించి, సాక్ష్యం లేక వదిలేశారు. కానీ అర్ధరాత్రి తలుపు తట్టడం మానలేదు. 1962 డిసెంబరులో తీర్పు వచ్చింది. రాత్రిపూట ఇంటికి రావడాన్ని మెజారిటీ కొట్టేసింది గానీ, ప్రైవసీ అన్నది రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదంది. సుబ్బారావుగారు ఒప్పుకోలేదు. వెంటాడే కళ్ల నీడలో బతికేవాడికి స్వేచ్ఛ ఎక్కడిదన్నది ఆయన వాదం. జస్టిస్ షా ఆయనతో నిలిచారు. ఆరుగురిలో ఇద్దరు. ఓడిపోయిన అభిప్రాయం.

1983లో కడప కోర్టు నుంచి వచ్చిన కేసు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ.చౌదరి ముందుకొచ్చింది. భార్య తిరిగి కాపురానికి రావాలని భర్త వేసిన పిటిషన్. ఆమె సినీనటి టి.సరీత. ఇష్టంలేని కాపురానికి కోర్టు డిక్రీతో పంపడం స్త్రీ గోప్యతకు భంగమంటూ ఆయన హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షన్‌నే కొట్టేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ తీర్పు సరికాదంది. ఆ సెక్షన్ మళ్లీ బతికింది.

1994లో ఆటో శంకర్ ఆత్మకథ కేసు. జైల్లో ఉన్న హంతకుడు రాసిన కథను తమిళ పత్రిక ‘నక్కీరన్’ వేయబోతే అధికారులు అడ్డం పడ్డారు. తీర్పు రాసింది మన హైకోర్టులో జడ్జీగా చేసి వెళ్లిన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి. పబ్లిక్ రికార్డులో ఉన్నంతవరకు అనుమతి లేకుండా వేసుకోవచ్చు, అది దాటి సొంత జీవితంలోకి వెళితే బాధ్యత పడాల్సిందే, అచ్చు కాకముందే ప్రభుత్వం ఆపలేదు... ఈ మూడు గీతలు ఆయన గీసినవే. పరువు, ప్రైవసీ కలిసే చోట లాయరు ముందుగా తెరిచే తీర్పు ఇది.

2004లో ‘జిల్లా రిజిస్ట్రార్, హైదరాబాద్ - కెనరా బ్యాంకు’ కేసు. స్టాంపు చట్టానికి మన రాష్ట్రం తెచ్చిన సవరణతో అధికారులు ఎక్కడికైనా వెళ్లి కాగితాలు తిరగేయొచ్చు. కుదరదంది సుప్రీంకోర్టు. కాగితం బ్యాంకులో ఉన్నా గోప్యత ఖాతాదారుడిదే, అది గోడలకు కాదు మనుషులకు చెందుతుందంది.

2015లో ఆధార్ కేసు వింటూ, ప్రైవసీ అసలు ప్రాథమిక హక్కా కాదా తేల్చమని పెద్ద బెంచికి పంపిన ముగ్గురిలో పెద్దవారు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా, హక్కేనన్నారు. అందులోనూ ఆయన ఉన్నారు. 1962లో ఓడిన సుబ్బారావుగారి మాట దాదాపు 55 ఏళ్లకు నెగ్గింది. అది వినడానికి ఆయన లేరు, 1976లోనే పోయారు.

అక్కడితో అయిపోయిందా? లేదు. భార్య ఫోను మాటల్ని దొంగచాటుగా రికార్డు చేసి భర్త విడాకుల కేసులో పెడితే, అది ఆమె గోప్యతకు భంగమంటూ మన హైకోర్టు ఆ రికార్డింగును ఒప్పుకోలేదు. 2025 జులైలో సుప్రీంకోర్టు ఇంకో కేసులో, భార్యాభర్తల మధ్య జరిగిన రహస్య రికార్డింగులు విడాకుల కేసులో సాక్ష్యంగా పనికొస్తాయంది. కలిసి ఉంటున్న ఇంట్లో రెండోవాళ్ల సమ్మతి లేకుండా సీసీ కెమెరాలు పెట్టడం తప్పని అదే ఏడాది కలకత్తా హైకోర్టు చెప్పింది, సుప్రీంకోర్టు అందులో వేలు పెట్టలేదు. హైదరాబాద్ పోలీసులు ముఖం గుర్తుపట్టే కెమెరాలు వాడడం మీద 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు నోటీసులిచ్చింది. 2023 డేటా రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతాయి. నేల ఇంకా కదులుతోంది. కదిలే నేల మీదే కొత్త ప్లీడరుకు చోటు దొరుకుతుంది.

మరి కూడు సంగతి?

సూటిగా చెప్పాలంటే, మొదటి అయిదేళ్లు ఈ రెండు రకాల కేసులే చేస్తానంటే పూట గడవదు. వాటికోసం రోజూ బారులు తీరే జనం లేరు. చేయాల్సిందిలా. ముందు సికింద్రాబాద్, మల్కాజిగిరి కోర్టుల్లో బాగా ట్రయల్స్ నడిపే సీనియర్ దగ్గర చేరాలి. చెక్ బౌన్సో, ఆస్తి పంపకమో, ఏదైతేనేం, సాక్షిని ప్రశ్నించడం చేతికి రావాలి. జూనియర్లకు పట్టణాల్లో నెలకు కనీసం 20,000 ఇవ్వమని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చెప్పింది, కానీ అది సూచనే, శాసనం కాదు. ఒక్క ఊరట, ఎన్‌రోల్‌మెంట్‌కు వేలకు వేలు గుంజడం కుదరదని, జనరల్ వాళ్లకు 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు మించకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది.

రెండో దశలో పత్రికలు, టీవీ ఛానెళ్లు, సినిమా నిర్మాతలు, ఆస్పత్రులు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు. అచ్చుకు ముందు వార్త చదివి ‘ఈ వాక్యం తీసేయండి’ అని చెప్పడానికి, రోగుల వివరాలు ఎలా దాచాలో చెప్పడానికి వీళ్లకు మనిషి కావాలి. నెలనెలా నికరంగా వచ్చేది ఈ సలహా పనిలోనే. కోర్టులో వాదించే పని దానికి తోడు. తెలుగులో చదివి, తెలుగు నుడికారంలో తిట్టుకూ ఎత్తిపొడుపుకూ తేడా జడ్జికి విడమరిచి చెప్పగలిగినవాళ్లు ఇక్కడ మరీ అవసరం. ‘నీ సంగతి తెలుసులే’ అన్న మాట పరువు తీసినట్టా, కాదా? నిఘంటువు చెప్పదు. ఊరు తెలిసిన ప్లీడరు చెప్పాలి.

ఇంకో మాట అమ్మాయితో చెప్పండి. ఈ చట్టం రెండువైపులా పదునున్న కత్తి. పరువు పోయిన పేదవాడికి ఎంత ఆసరానో, ప్రశ్నించిన విలేకరి నోరు మూయించాలనుకునే డబ్బున్నవాడికీ అంత ఆయుధం. కేసు నెగ్గక్కర్లేదు, వాయిదాలకు తిప్పితే చాలని వచ్చేవాళ్లు ఎక్కువ ఫీజు ఇస్తామంటారు. ఆ ఫైలు ముట్టుకోవాలా వద్దా అన్నది ఏ సెక్షనూ చెప్పదు. ఆమె పేరు నిలబడేది మాత్రం అక్కడే.