కరోనా వెనుక పక్షవాతం: గడియలు లెక్కపెట్టాలి

కరోనా మాట ఎత్తితే మన పల్లెల్లో ఇప్పుడు ఎవరూ చెవిన పెట్టరు. "అది ఎప్పుడో పోయింది గదా" అంటారు. 2020 మార్చిలో మన రాష్ట్రంలో కాలుపెట్టిన ఆ జబ్బు 2021 వేసవిలో ఊళ్ళకు ఊళ్ళను వణికించి, తర్వాత మెత్తబడిన మాట నిజమే. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. అయితే జబ్బు పూర్తిగా పోలేదు. మామూలు జలుబు జ్వరాల్లో ఒకటిగా కలిసిపోయి తిరుగుతున్నది. అది నేర్పిన పాఠం ఒకటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పల్లెలకు ఇంకా సరిగా చేరలేదు. అది పక్షవాతాన్ని గురించిన పాఠం.

2021 వేసవిలో అందరి దృష్టీ ఊపిరి మీదే ఉండింది. వేలికి యంత్రం పెట్టి ఆక్సిజన్ ఎంత ఉన్నదని చూడడం, సిలిండరు కోసం పరుగెత్తడం, ఇదే పని. జ్వరం తగ్గి, దగ్గు తగ్గి, మనిషి మంచం మీద లేచి కూర్చుంటే గండం గడిచిందనుకున్నాము. అలా కోలుకున్నారనుకున్న వారిలో కొందరికి కొద్ది రోజులకే కాలూ చెయ్యీ పడిపోవచ్చునని, మాట పోవచ్చునని మనకు చెప్పినవారు తక్కువ. చెప్పేవారు లేనప్పుడు గాలి సోకిందనీ, ఎవరో ఏదో చేయించారనీ అనుకోవడం పల్లెల్లో సహజం.

అసలు జరిగేది వేరు. కరోనా ఊపిరితిత్తులతో ఆగే జబ్బు కాదు. రక్తనాళాల లోపలి పొరను కూడా అది వాచేటట్లు చేస్తుంది. జబ్బుతో పోరాడే తొందరలో శరీరం రక్తాన్ని మామూలుకంటే సులభంగా గడ్డకట్టిస్తుంది. జ్వరంతో ఒంట్లో నీరు తగ్గడం, రోజుల తరబడి మంచాన పడి ఉండడం ఇందుకు తోడవుతాయి. కొందరికి గుండె లయ తప్పి, గుండెలోనే చిన్న గడ్డ ఏర్పడుతుంది. ఆ గడ్డ కొట్టుకుపోయి మెదడుకు వెళ్ళే నాళంలో అడ్డుపడితే అదే పక్షవాతం. జూరాల కాలువ తూములో చెత్త అడ్డం పడితే దాని కింది మడి ఎండిపోతుంది. మెదడులోనూ అంతే. ఏ భాగానికి రక్తం అందదో ఆ భాగం నడిపించే కాలో, చెయ్యో, నోరో పడిపోతుంది.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 2020 వసంతంలో అమెరికాలోని న్యూయార్కు నగరంలో ఒకే ఆసుపత్రుల సముదాయానికి రెండు వారాల్లో ఐదుగురు కరోనా రోగులు పెద్ద పక్షవాతంతో వచ్చారు. ఐదుగురూ 50 ఏళ్ళ లోపువారే. వారిలో ఇద్దరు ఆసుపత్రికి పోతే ఏమవుతుందోనన్న భయంతో ఆలస్యం చేశారు. ఆ భయం మన పల్లెల్లోనూ ఉండినదే గదా! స్వీడన్ దేశంలో సుమారు 87 వేలమంది కరోనా రోగుల వివరాలు పరిశీలించి 2021లో ప్రకటించారు. జబ్బు సోకిన మొదటి రెండు వారాల్లో పక్షవాతం ముప్పు మామూలు రోజులకంటే దాదాపు మూడు రెట్లు ఉన్నట్టు తేలింది. అమెరికా మాజీ సైనికులపై జరిపిన పరిశీలన 2022లో వెలువడింది. జబ్బు వచ్చిపోయిన ఏడాదిలోగా, రానివారికంటే వెయ్యికి నలుగురు అదనంగా పక్షవాతానికి గురైనట్టు అందులో కనబడింది.

వెయ్యికి నలుగురంటే తక్కువే గదా అనవచ్చు. కరోనా సోకిన ప్రతివారికీ పక్షవాతం రాదు. భయపడి నిద్ర మానుకోనక్కరలేదు. కాని ఆ నలుగురిలో ఒకరు ఇంటి యజమాని అయితే ఆ ఇల్లు ఏమవుతుంది? నడిగడ్డలో సీడు పత్తి చేను చూసుకునే రైతు చెయ్యి పడిపోతే ఆ సంవత్సరం సేద్యం పడిపోయినట్టే. బతుకుదెరువుకు బొంబాయి, పూనా పోయే కూలీ కాలు పడిపోతే ఇల్లంతా పస్తే. మనిషి చచ్చిపోకపోయినా, ఇంకొక మనిషి పని మానుకొని ఏళ్ళ తరబడి పక్కన కూర్చోవలసి వస్తుంది.

ఎక్కువ ముప్పు ఎవరికి? బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నవారికి, బీడీ, చుట్ట తాగేవారికి, వయసు మళ్ళినవారికి. పక్షవాతానికి అసలు మూలాలు ఇవే. కరోనా వాటిమీద ఆజ్యం పోసింది. కరోనా ఒక్కటే కాదు, ఫ్లూ వంటి జ్వరాల తర్వాత కూడా కొన్నాళ్ళు ఈ ముప్పు పెరుగుతుంది. కాబట్టి ఏ జ్వరం వచ్చినా బీపీ, షుగరు మాత్రలు ఆపరాదు. ఒంట్లో బాగాలేనప్పుడు అన్ని మందులూ ఎందుకని మాత్రలు పక్కన పెట్టే అలవాటు మన పల్లెల్లో ఉన్నది. అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక టీకాను గురించిన మాట. పక్షవాతం, గుండెపోటు ఏది వచ్చినా టీకా వల్లనే వచ్చిందని రచ్చబండల మీద వినబడుతున్నది. కోవిషీల్డ్ టీకా వల్ల అత్యంత అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య వస్తుందన్నది వాస్తవమే. దాచవలసిన పని లేదు. అయితే అది టీకా వేసుకున్న కొద్ది వారాల్లో వచ్చేదే గాని, ఏళ్ళు గడిచాక వచ్చేది కాదు. ఇంగ్లండులో టీకా తొలి మోతాదు వేసుకున్న 2 కోట్ల 90 లక్షల మంది వివరాలు చూసి 2021లో లెక్క తీశారు. సిరల్లో రక్తం గడ్డకట్టిన అదనపు కేసులు, కోటి మందికి, కోవిషీల్డ్ రకం టీకా తర్వాత 66. అదే కరోనా సోకిన తర్వాత 12,614. ఏది పెద్ద ముప్పో చదువరులే తేల్చుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది గడియల లెక్క. నాళంలో గడ్డ అడ్డుపడితే మెదడులో నిమిషానికి సుమారు 19 లక్షల కణాలు చచ్చిపోతాయి. గడ్డను కరిగించే సూదిమందు ఉన్నది. కాని అది మొదటి లక్షణం కనబడిన నాలుగున్నర గంటల లోపున పడాలి. అదీ తలకు సీటీ స్కాన్ తీసి, రక్తనాళం చిట్లలేదని రూఢి చేసుకున్న తర్వాతనే. ఉదయం 5 గంటలకు మూతి వంకరపోతే 9న్నరకు సూది పడి ఉండాలి. మన వద్ద ఆ సమయమంతా ఎక్కడ పోతున్నది? పసరు మందు పోయించడానికి, పావురం రక్తం రుద్దించడానికి, తాయెత్తు కట్టించడానికి. కొన్నిచోట్ల ఆర్‌ఎంపీ వద్ద సీసా ఎక్కించి, ఒక పూట చూద్దామని కూర్చోవడానికి. ఆ ఒక పూటలోనే చెయ్యి పోతుంది, కాలు పోతుంది.

గుర్తుపట్టడానికి చదువు అక్కరలేదు. నవ్వమంటే మూతి ఒక పక్కకు పోతున్నదా? రెండు చేతులూ పైకెత్తమంటే ఒకటి జారిపోతున్నదా? మాట ముద్దగా వస్తున్నదా? ఉన్నట్టుండి చూపు తగ్గడం, అడుగు తడబడడం జరిగిందా? వీటిలో ఒక్కటి కనబడినా 108కి ఫోను చేయాలి. నోట్లో నీళ్ళుగాని, మాత్రగాని వేయరాదు. గొంతు పడిపోయి ఉంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. స్కాన్ తీయకుండా ఆస్పిరిన్ ఇవ్వడం కూడా ప్రమాదమే. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తుంచుకొని డాక్టరుకు చెప్పాలి. నాలుగున్నర గంటలు దాటినా ఆశ వదలరాదు. కొందరికి పెద్దాసుపత్రుల్లో 24 గంటల వరకు కూడా నాళంలోని గడ్డను తీయగలుగుతున్నారు.

ప్రజలకు ఇన్ని చెప్పినప్పుడు ప్రభుత్వానికి కూడా ఒక మాట చెప్పవలసి ఉన్నది. గద్వాల నుంచి హైదరాబాదు సుమారు 190 కిలోమీటర్లు. అమ్రాబాద్, పదర గూడేల నుంచి అచ్చంపేట చేరడమే ఒక ప్రయాణం. అలంపూర్ వారు కర్నూలుకు, గట్టు వారు రాయచూరుకు పోతున్నారు. 2021 మే నెలలో పుల్లూరు వద్ద పోలీసులు అంబులెన్సులను ఆపడం, హైకోర్టు జోక్యం చేసుకోవడం మరచిపోలేదు. రోడ్డు మీద పోయే గంట ఎంత విలువైనదో ఈ జిల్లాలవారికి వేరే చెప్పనక్కరలేదు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. సంతోషమే. అయితే కళాశాల భవనం పక్షవాతాన్ని ఆపదు. మూడుచోట్లా సీటీ స్కాన్ రాత్రింబవళ్ళు నడవాలి. గడ్డ కరిగించే సూదిమందు నిలువ ఉండాలి. దానిని వేయగల డాక్టరు రాత్రి కూడా అందుబాటులో ఉండాలి. పక్షవాతం రోగిని ఏ ఆసుపత్రికి తీసుకుపోవాలో 108 సిబ్బందికి ముందే తెలిసి ఉండాలి. ఆ సంగతి ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడమీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి.

ఆశా కార్యకర్తలు, సర్పంచులు, ఉపాధ్యాయులు, యువజన సంఘాలవారు ఈ విషయం గ్రామసభలో ఒక్కసారి చెప్పినా ఎంతో మేలు. ఆర్‌ఎంపీలు కూడా సీసా పక్కన పెట్టి, వెంటనే బండి ఎక్కించి పంపితే ఊరు వారిని మెచ్చుకుంటుంది. కరోనా మనచేత చాలా చావులు లెక్కపెట్టించింది. ఇకనుంచి గడియలు లెక్కపెట్టడం నేర్చుకుంటే, ఆ లెక్కలో కొన్ని కాళ్ళూ చేతులూ, కొన్ని కాపురాలూ నిలబడతాయి.