షేకు అను ఇంటిపేరు

మొన్న మా పొరుగింటి చిన్నది బడినుండి కన్నీళ్లతో వచ్చి మా యరుగుమీద కూర్చుండెను. "అయ్యవారమ్మా, మాకు ఇంటిపేరే లేదంట. ఊరూరా షేకులుంటే అది ఇంటిపేరెట్లయితాదని బడిలో నవ్వినారు" అనెను. మా గుడుపల్లెలో కన్నడము, అరవము, ఉర్దూ అన్నియు వినబడును. ఆ పిల్ల యేడ్చినది మాత్రము తెలుగుననే.

దగ్గర కూర్చుండబెట్టుకొని చెప్పితిని. అరబ్బీలో "షైఖ్" అనగా తల నెరసిన వృద్ధుడు. వృద్ధుడు గనుక తెగకు పెద్ద. పెద్ద గనుక గురువు. సంస్కృతమున "స్థవిర" శబ్దమును ఇట్లే ముసలివానికి చెల్లి, పిదప బౌద్ధభిక్షువులలో పెద్దకు పేరైనది. పల్లెలో బడిపంతులును "అయ్యవారు" అనుటయు అట్టిదే గదా! మా వారికి ముప్పదియేండ్లు నిండకమున్నే ఆ పెద్దరికము వచ్చిపడినది. ఈ లెక్కను మన రెండిండ్లవారిది నొకటే పేరు అనగా, పిల్ల నవ్వినది.

ఇది మొదట బిరుదము. సూఫీ గురువులను షైఖులనిరి. మన దేశమున ఇస్లామును స్వీకరించిన కుటుంబములు పెక్కు ఆ గౌరవపు మాటనే తమ పేరున చేర్చుకొన్నవి. కావుననే ఊరూర షేకులు. అందరును ఒక్క వంశమువారు కానక్కరలేదు.

నాకు ముచ్చట గొల్పునది వేరొకటి. బొంబాయివైపు పలువురు ఈ మాటను పేరు చివర వ్రాసికొందురు. తెలుగునేలపై నది మన ఇంటిపేరు కూర్చుండు చోటనే, ముందు, కూర్చున్నది. బుర్రకథకు కీర్తి తెచ్చిన షేక్ నాజరుగారిని చూడుడు. 1924లో ఒంగోలు చెంత కరవదిలో పుట్టి, శ్రీరంగమున స్థిరపడి, 1998లో సంగీతకళానిధి బిరుదమందిన నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానాగారిని చూడుడు. ఇరువురి పేర్లును మన పేర్లవలెనే నడచును. అరబ్బీలో స్త్రీకి "షైఖా" అను రూపము వేరుగా కలదు. మన యింటిపేర్లకు ఆడు మగ భేదము లేదు గనుక, ఇచ్చట ఉయ్యాలలోని యాడుశిశువును షేకే, అనగా తలనెరసిన తాతయే!

మరునాడు ఆ చిన్నది పలక పట్టుకొని మరల వచ్చినది. బడిలో అర్థము చెప్పినదట, ఎవరును నవ్వలేదట. "మరి మీ ఇంటిపేరుకు అర్థమేంది?" అని నన్నడిగెను. అది మా యత్తవారి పూర్వుల యూరిపేరని చెప్పితిని. "ఆ యూరు ఎట్లుంటాది?" అనెను. పెండ్లియై పదునేడేండ్లైనది, ఆ యూరు నేనింకను చూడలేదు.