కూడికకు ఏ పుస్తకం?

ఇంటి కూడికలకు ఈసారి కూడా ఇంగ్లీషు పాఠాల పుస్తకమే కొనాలంటున్నారు. దేనికి? లూకా 15లో పది వెండి నాణేల స్త్రీ గురించి అందులో అడిగేది ‘ఆమె ఏం వెలిగించింది?’ అని. దీపం అని ఖాళీ నింపితే పాఠం అయిపోయినట్టా? పోయిన ఒక్క నాణెం దొరికితే ఇరుగుపొరుగును ఎందుకు పిలిచిందని అడగండి, మన అమ్మమ్మలు గంట మాట్లాడతారు. ఇంగ్లీషు రాదని వాళ్ళనే మూల కూర్చోబెడుతున్నాం.

పిల్లలకు తెలుగు చదవడం రాదంటారు. మేమూ తమిళ మీడియమే. కూడబలుక్కుంటూ బైబిలుతోనే నేర్చుకున్నాం. దాదాపు 300 ఏళ్ళ కిందట షుల్జ్ దొర జర్మనీ నుంచి మద్రాసు వచ్చి, తెలుగు నేర్చుకుని బైబిలు అనువదించాడు. ఇంట్లో తెలుగు వింటూ పెరిగిన పిల్లలకు చేతకాదా?

ఆ డబ్బుతో పెద్దక్షరాల తెలుగు బైబిళ్ళు కొనండి. వంతులవారీగా చదివించండి. ప్రశ్నలు మనమే రాసుకుందాం. మిగిలితే టీకి వాడండి.