లేత మొక్కకు నీరే ప్రాణం

వాతావరణంలో బొగ్గుపులుసు వాయువు నానాటికీ పెరుగుతున్నది. పారిశ్రామిక విప్లవానికి పూర్వం పది లక్షల పాళ్ల గాలిలో సుమారు 280 పాళ్లు ఉన్న ఈ వాయువు 2024 నాటికి 420 పాళ్లను దాటింది. చెట్లకు ఇదే ఆహారం కనుక ఇది పెరిగితే అవి మరింత ఏపుగా ఎదుగుతాయని, చింతించవలసిన పని లేదని కొందరు వాదిస్తారు. ఇందులో కొంత సత్యం లేకపోలేదు. అయితే అది అర్ధసత్యం మాత్రమే.

ఆకులపై పత్రరంధ్రాలనే సూక్ష్మద్వారాలు ఉంటాయి. వాయువును లోనికి తెచ్చేవీ, నీటిని ఆవిరిగా వెలికి పంపేవీ అవే. గాలిలో బొగ్గుపులుసు వాయువు అధికమైతే అవి కొంత మూసుకొన్నా ఆహారానికి లోటు రాదు. నీరు కూడా ఆదా అవుతుంది. అమెరికాలోని డ్యూక్ అడవిలో 1996 నుండి 2010 వరకు పైన్ చెట్లకు ఈ వాయువును అదనంగా అందించి పరిశీలించారు. చెట్లు అధికంగానే పెరిగాయి. కాని ఆ పెరుగుదల నేలలోని నత్రజనిని, లభించిన నీటిని బట్టి మారింది. కనుక గాలి ఒక్కటే చెట్టును పెంచజాలదు.

లేత మొక్క విషయంలో ఈ పరిమితి మరింత కఠినమైనది. పెద్ద చెట్టు వేళ్లు లోతుకు దిగి అడుగు తేమను అందుకొంటాయి. చిన్న మొక్కకు పైమట్టే ఆధారం. ఎండకు మొదట ఎండిపోయేదీ అదే. పైగా ఈ వాయువే భూమిని వేడెక్కిస్తున్నది. వేడిగాలి ఆకుల నుండి, నేల నుండి తేమను మరింతగా పీల్చివేస్తుంది. అప్పుడు మొక్క ప్రాణరక్షణకై పత్రరంధ్రాలను మూసుకొంటుంది. ఇక వెలుపల వాయువు ఎంత ఉన్నా ప్రయోజనమేమి? వాకిట ధాన్యరాశి ఉన్నా తలుపు తీయలేని ఇంటివాని స్థితి అది.

ఈ సూక్ష్మాన్ని మన పూర్వులు అనుభవంతో గ్రహించారు. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయంలో, నాటిన మొక్కలకు వేసవిలో ఉదయం, సాయంత్రం నీరు పోయాలని, వర్షకాలంలో సైతం నేల ఎండినప్పుడు తడపాలని విధించాడు.

తొలకరిలో మొక్క నాటడం సులభం. మార్చి నుండి మే వరకు దానిని కాపాడడమే కష్టం. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కలలో 85 శాతం బతకాలని నిర్దేశించడం ఈ దృష్టితో మెచ్చదగినది. లెక్కించవలసినది నాటిన మొక్కలను కాదు, వేసవిని దాటిన మొక్కలను.

కనుక విద్యార్థులారా! వంద మొక్కలు నాటి మరచిపోవడం కన్న పది మొక్కలకు పాదు చేసి, ఎండుటాకులు కప్పి, రెండు మూడు వేసవులు నీరు పోయడమే మిన్న. గాలి మార్పును మనం ఒక్కరమే ఆపలేము. కాని ఒక మొక్క దాహం తీర్చడం మన చేతిలోని పనే.