ఇంటి ముచ్చట్లూ రాజకీయాలే

ఆడవాళ్ళు రాసుకునే నోటుబుక్కుల మీద రెండు రకాల అభ్యంతరాలు వింటుంటాను. కుక్క గురించో, మేక గురించో, రెండు రోజులుగా రాని నల్లా నీళ్ళ గురించో రాస్తే "ఇవేం రాతలు, ఇంటి ముచ్చట్లు" అంటారు. చక్కెర ఫ్యాక్టరీ గురించో, ఎన్నికల గురించో రాస్తే "నీకెందుకీ రాజకీయాలు, ఇల్లు చూసుకో" అంటారు. మొదటి మాట చాలాసార్లు మన కార్యకర్తల నోటి నుంచే వస్తుంది. రెండో మాట ఇంట్లోవాళ్ళూ, వాడకట్టు పెద్దమనుషులూ అంటారు. పైకి ఇవి ఒకదానికొకటి విరుద్ధంగా కనిపించినా రెండింటి సారం ఒకటే. ఆడదాని బతుకు రాయదగ్గది కాదు, ఆమె ఆలోచన చెప్పదగ్గది కాదు. ఈ రెండు మాటలనూ మనం కలిపే తిప్పికొట్టాలి.

నేను బోధన్ దగ్గరి ఒక పల్లెలో పుట్టాను. నిజామాబాద్‌లో ఉంటూ బీడీలు చేసే స్త్రీల మధ్య పని చేస్తున్నాను. ఇరవై ఏళ్ళకు పైగా రోజూ రాత్రి ఒక పేజీ రాసుకోవడం అలవాటు. అందులో గొప్ప సంగతులేమీ ఉండవు. ఆ రోజు టమాటా ధర ఉంటుంది. మా కుక్క మోతికి టీకా వేయించిన తేదీ ఉంటుంది. పక్కింటి అక్క ఎన్ని బీడీలు చుట్టిందో, బాగలేవని అందులో ఎన్ని తీసి పక్కన పెట్టారో ఉంటుంది. పీఎఫ్‌లో పేరు 2014 ఫిబ్రవరి 28 తర్వాత ఎక్కిందన్న కారణంతో ఒకామెకు బీడీ కార్మికుల పింఛను రాకుండా పోయిన సంగతి ఉంటుంది. దాని కిందే, ఆ నిబంధన పెట్టినవాళ్ళ గురించి నా అభిప్రాయం ఉంటుంది.

2019 ఏప్రిల్ 11 నాటి పేజీ చూడండి. ఆ రోజు నిజామాబాద్ పార్లమెంటు స్థానానికి పోలింగ్. బరిలో 185 మంది ఉన్నారు. పసుపు, ఎర్రజొన్న రైతులు తమ గోడు వినిపించడానికి పెద్ద ఎత్తున నామినేషన్లు వేశారు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. "మోతి పొద్దుగాల నుంచి ఏమీ తినలేదు. ఓటు వేసి వచ్చేసరికి గడప మీదే పడుకొని ఉంది" అని మొదలుపెట్టి, ఆ కింద ఇలా రాసుకున్నాను: "రైతు గొంతు వినిపించింది, మంచిదే. పసుపు తవ్వేది, కొమ్ములు విరిచేది ఎక్కువగా ఆడకూలీలు. బోర్డు వస్తే వాళ్ళ కూలి ఎంత పెరుగుతుంది?" జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న ప్రారంభమైంది. నా ప్రశ్నకు జవాబు నేను హాజరైన ఏ సభలోనూ వినలేదు.

ఈ మధ్య ఒక సమావేశంలో ఇలాంటి పేజీలు కొన్ని చదివాను. అందరూ ఓపికగా విన్నారు. చివర ఒక చెల్లె లేచి, "అక్కా, ఫ్యాక్టరీ సంగతి మంచిగుంది. కుక్కల ముచ్చట తీసేస్తే పత్రికకు పనికొస్తది" అంది. ఆమె మంచి మనసుతోనే అంది. కానీ నేను తీసేయలేను. శక్కర్‌నగర్ కథను పశువులూ, కుక్కలూ లేకుండా చెప్పడం నాకు సాధ్యం కాదు.

ఆ కథలో ఫైళ్ళకు ఎక్కిన భాగం అందరికీ తెలిసిందే. 1931లో నిజాంసాగర్ పూర్తయి కాలువల్లో నీళ్ళు పారాక ఈ నేల మీద చెరకు విస్తరించింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారమని చెప్పుకుంటూ పెరిగిన తరాలు మావి. 2002లో ఆనాటి ప్రభుత్వం ఇందులో 51 శాతం వాటాను ప్రైవేటు కంపెనీకి అప్పగించింది. తర్వాతి ప్రభుత్వం శాసనసభా సంఘాన్ని వేసింది. ప్రత్యేక రాష్ట్రం వస్తే తెరిచి నడుపుకుందామన్నారు. రాష్ట్రం వచ్చిన ఏడాదిన్నరకే, 2015 డిసెంబర్‌లో, శక్కర్‌నగర్‌తో పాటు మెట్‌పల్లి, మెదక్ ప్రాంతాల యూనిట్లలో కూడా లే ఆఫ్ ప్రకటించారు. 2019లో కంపెనీ లా ట్రైబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. ఆ తర్వాత వచ్చిన ఎన్నికల్లో కూడా ఫ్యాక్టరీ తెరిపిస్తామన్న మాట వింటూనే ఉన్నాం.

ఫైళ్ళలో అప్పు ఎంతో ఉంది, భూమి ఎన్ని ఎకరాలో ఉంది, యంత్రాల విలువ ఉంది, జీతాల బకాయి ఉంది. చెరకు పోతే ఇంట్లో ఏం పోయిందో లేదు. చెరకు కొట్టే కాలంలో కూలికి పోయిన ఆడవాళ్ళు సాయంత్రం నెత్తిన చెరకు కొసల మోపు పెట్టుకొని వచ్చేవాళ్ళు. ఆ మేత ఉండబట్టే కూలి ఇళ్ళలో కూడా ఒక బర్రె ఉండేది. బర్రె ఉంటే పాలు ఉండేవి, ఆ పాల పైసలు మొగుడి చేతికి కాకుండా ఆమె చీర కొంగుకు చేరేవి. చెరకు పోయి వరి వచ్చింది. వరి మిషన్‌తో కోయించడం మొదలయ్యాక గడ్డి చెల్లాచెదురై, ఎత్తుకొచ్చుకోవడం కష్టమైంది. గడ్డి కొని బర్రెను సాకడం కూలి ఇంటికి అయ్యే పని కాదు. మా అమ్మ బర్రె అలాగే పోయింది. దాన్ని తోలుకుపోయిన రోజు రాత్రి ఆమె పాలగిన్నె కడిగి బోర్లించి, మళ్ళీ తీయలేదు. ఫ్యాక్టరీ నష్టం లెక్కలో ఆ గిన్నె ఎక్కడుంది? ఆమె చేతిలోంచి జారిపోయిన ఆ పైసల స్వాతంత్ర్యం ఎక్కడుంది?

మూతపడ్డ తర్వాత ఒక వేసవిలో శక్కర్‌నగర్ పోయినప్పుడు రాసుకున్న పేజీ కూడా ఉంది. పని వెతుక్కుంటూ కుటుంబాలు హైదరాబాద్ దిక్కు పోతున్నాయి. పట్నంలో కిరాయి ఇంటివాళ్ళు మనుషుల్నే కులమడిగి, మతమడిగి రానిస్తారు, కుక్కను రానిస్తారా? వదిలేసిన కుక్కలు తాళం వేసిన తలుపుల ముందు కూర్చొని ఉండేవి. వాటికింత అన్నం పెడుతున్నది పక్కన మిగిలిన ఇళ్ళ ఆడవాళ్ళు. తమకే బియ్యం కొలత చూసుకొని వండుకునే రోజులవి. ప్రైవేటీకరణ అంటే ఏమిటని నన్నడిగితే విధానాల గురించి ఉపన్యాసం ఇవ్వగలను. కానీ ఆ తలుపుల ముందు నిలబడ్డప్పుడు అర్థమైనంతగా మరెప్పుడూ నాకు అర్థం కాలేదు.

లెక్కకు ఎక్కనిది లేనట్టే లెక్క అన్నది రాజ్యం పద్ధతి. మన దేశంలో పశుగణన 1919 నుంచి జరుగుతోంది. ఎన్ని బర్రెలు, ఎన్ని మేకలు, ఎన్ని కోళ్ళు అని ఇంటింటికీ వచ్చి రాసుకుంటారు. ఆ బర్రెకు మేత తెచ్చి, పేడ ఎత్తి, పాలు పితికే మనిషి రోజు ఎలా గడుస్తుందో తెలుసుకునే కాలవినియోగ సర్వే దేశమంతటా మొదటిసారి జరిగింది 2019లో. పశువులను లెక్కించడం మొదలైన సరిగ్గా వందేళ్ళకు! ఇంటిపని చేసే స్త్రీ జీతం లేని ఆ చాకిరీకి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, ఆ పనిలో చెయ్యిపెట్టే పురుషుడు 97 నిమిషాలు పెడుతున్నాడని అందులో తేలింది. 2024 సర్వేలో ఇవి 289, 88 అయ్యాయి. అయిదేళ్ళలో ఆమెకు తగ్గింది పది నిమిషాలు, అతనికీ దాదాపు అంతే తగ్గింది. ప్రభుత్వం వందేళ్ళకు లెక్కపెట్టినదాన్ని మన అమ్మలు రోజూ అనుభవించారు. ఒక్కరైనా రాసిపెట్టి ఉంటే మన ఉద్యమాల చేతికి ఎంత సాక్ష్యం దొరికేది!

ఇక కుక్కల విషయం. ఇదిప్పుడు ఇంటి ముచ్చటగా మిగలలేదు, ఎన్నికల వాగ్దానంగా మారింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ళ బాబును చంపేశాయి. బతుకుదెరువు కోసం మన జిల్లా నుంచే పోయి వాచ్‌మన్‌గా చేస్తున్న తండ్రి పనిచోటులోనే అది జరిగింది. ఆ రాత్రి నేను మోతిని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ప్రేమ ఉన్నంత మాత్రాన భయం అబద్ధం కాదు. చీకటితో లేచి వీధులూడ్చే కార్మికురాలికి, బీడీల గంప పట్టుకొని కార్ఖానాకు నడిచే ఆమెకు కుక్కలంటే ఉన్న భయం నిజం. సాయంత్రం అదే కుక్కకు అన్నం పెట్టేది కూడా చాలాసార్లు ఆమే. కారులో తిరిగేవాళ్ళకు ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటాయని తెలియదు.

కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించడం, రేబిస్ టీకాలు వేయించడం స్థానిక సంస్థల బాధ్యత. 2001 నాటి నియమాలూ, వాటి స్థానంలో వచ్చిన 2023 నియమాలూ ఈ మాటే చెబుతున్నాయి. ఆపరేషన్ చేసి టీకా వేసిన కుక్కలను, రేబిస్ సోకినవీ, మీదపడి కరిచేవీ తప్ప, తెచ్చిన చోటే వదలాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న చెప్పింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల వంటి చోట్ల నుంచి మాత్రం తొలగించాలని నవంబర్ 7న ఆదేశించింది. ఇవన్నీ చేయాలంటే డాక్టర్లు కావాలి, షెడ్లు కావాలి, చెత్త రోజూ ఎత్తాలి, అంటే డబ్బు ఖర్చుపెట్టాలి. 2026 జనవరిలో హనుమకొండ, కామారెడ్డి జిల్లాల పల్లెల్లో కుక్కలను పెద్ద సంఖ్యలో విషం ఎక్కించి చంపారని కేసులు నమోదయ్యాయి. సర్పంచి ఎన్నికల్లో ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికే ఇలా చేశారని వార్తలు వచ్చాయి. చంపడానికి ఖర్చు తక్కువ, చప్పట్లు ఎక్కువ. పిల్లవాడి ప్రాణాన్నీ కుక్క ప్రాణాన్నీ ఎదురెదురుగా నిలబెట్టి, తమ బాధ్యత నుంచి తప్పించుకునే రాజకీయమిది. ఆస్తులు అమ్మి చేతులు దులుపుకునే రాజకీయానికి ఇది దూరపు చుట్టం కాదు. ఇది నా అభిప్రాయం. కుక్కను సాకుతున్నాను కాబట్టే ఈ అభిప్రాయం ఏర్పడింది. అందుకే ఆ రెండింటినీ వేరుచేసి రాయలేనంటున్నాను.

ఇంటి నుంచి మొదలైన మాట ఎంతదూరం పోగలదో మనకు తెలియనిది కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు అక్షరాస్యతా తరగతుల్లో చదువుకున్నది సారా వల్ల గుల్లయిన ఇళ్ళ సంగతే. ఆ మాటలే 1992లో దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమమై పాకాయి. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం దాకా పోయాయి. 1997లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది, ఆ మాటల విలువ తగ్గలేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మనలో చాలామంది చదివే ఉంటారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ పెళ్ళిళ్ళ గురించీ, పిల్లల గురించీ, దళంలో వంట గురించీ, పోరాటం ముగిశాక ఇంటికి పొమ్మన్నప్పటి బాధ గురించీ చెప్పుకున్నారు. ఆ 'చిన్న' సంగతులు లేకపోతే ఆ పోరాట చరిత్ర సగమే మిగిలేది.

అయితే రాసినదాన్ని బయట పెట్టడంలో ప్రమాదం లేదనను. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో బంద్ గురించి ఒక అమ్మాయి రెండు మాటలు రాసినందుకు, ఇంకో అమ్మాయి అది బాగుందన్నందుకు అరెస్టు చేశారు. వాళ్ళ మీద వాడిన 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. సెక్షన్ పోయింది గానీ అలవాటు పోలేదు. 2025 మార్చిలో హైదరాబాద్‌లో ఇద్దరు మహిళా జర్నలిస్టులను, ముఖ్యమంత్రిని ఒక పెద్దమనిషి తిట్టిన వీడియో బయటపెట్టారని అరెస్టు చేశారు. తర్వాత బెయిలు వచ్చింది. పాలించే పార్టీ మారినా ఈ పద్ధతి మారడం లేదు. పోలీసు స్టేషన్ దాకా పోనక్కర్లేదు. రాజకీయం మాట్లాడిన ఆడమనిషిని ముందు ఆపేది ఆమె శీలం గురించి వాడకట్టులో పుట్టే మాట. ఆ మాట పుట్టినప్పుడు ఆమె పక్కన ఎవరు నిలబడతారన్న దాని మీదే ఆమె మళ్ళీ రాస్తుందా లేదా అన్నది ఆధారపడి ఉంటుంది.

అందుకని సంఘాల్లో పని చేస్తున్న మనందరి ముందూ కొన్ని ప్రతిపాదనలు పెడుతున్నాను. మన నివేదికల్లో అంకెల పక్కన, ఆ అంకెల్లో ఉన్న స్త్రీ రాసుకున్న ఒక రోజునైనా అచ్చు వేద్దాం. రాయడం రాని అక్క చెబుతుంటే ఆమె మాటల్లోనే, ఆమె యాసలోనే రాసుకుందాం, మన భాషలోకి దిద్దొద్దు. ప్రతి పేజీకీ తేదీ, ఊరు వేయడం అలవాటు చేద్దాం, రేపు అదే సాక్ష్యమవుతుంది. మేక, బర్రె, కుక్క, నల్లా ఏదీ కొట్టేయొద్దు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక స్త్రీ తన రాజకీయ అభిప్రాయం తన పేరుతో చెప్పినందుకు ఇబ్బంది పడితే, ఆ అభిప్రాయంతో మనకు ఏకీభావం ఉన్నా లేకపోయినా ఆమె పక్కన నిలబడదాం. ఆ భరోసా ఇవ్వగలిగితే వాళ్ళు రాస్తారు. బీడీల చాట పక్కనే నోటుబుక్కు పెట్టుకున్నవాళ్ళు మా వాడకట్టులోనే ఇద్దరున్నారు.