పాటకూ పుస్తకానికీ వైరమున్నదా?

వార్షికోత్సవం సమీపించిన ప్రతిసారీ మన అధ్యాపకుల గదిలో ఒకే ప్రశ్న తల ఎత్తుతుంది: విద్యార్థినులను వేదికపై పాడనీయవచ్చునా, కూడదా? చర్చ కొంతసేపు సాగుతుంది. చివరకు పెద్దలలో ఎవరో ఒకరు, "పాటలో పడిన పిల్ల పుస్తకం మూస్తుంది" అంటారు. అంతటితో చర్చ ముగుస్తుంది. ఈ మాటను మనమందరం నమ్ముతున్నామే గాని, ఎవరమూ పరీక్షించి చూడలేదు. ఒక గాయని జీవితాన్ని ఆధారంగా చేసుకొని ఆ మాటను పరీక్షించుటయే ఈ వ్యాసం ఉద్దేశ్యం. ఆ గాయని నాజియా హసన్.

ఆమె పేరు నేను మొదట విన్నది మా కామారెడ్డి ఇంటిలోనే. మా చాచా వద్ద ఒక పాత టేప్ రికార్డరు, ఒక అట్టపెట్టె నిండా క్యాసెట్లు ఉండేవి. అందులో ఖవ్వాలీలు, గజళ్ళు, ఘంటసాల పద్యాలు పక్కపక్కనే ఒదిగి ఉండేవి. వాటి నడుమ నాజియా క్యాసెట్టు ఒకటి. ఎన్నిసార్లు తిరిగిందో, దాని మీది అక్షరాలు అరిగిపోయినవి. ఉర్దూ మాట, ఐరోపా తాళం, పసితనం వీడని గొంతు, ఈ మూడూ ఎట్లా కలిసినవో ఆనాడు నాకు బోధపడలేదు. తరువాత చదివి తెలుసుకొన్నాను.

డిస్కో అమెరికాలో పుట్టినా ఐరోపాలో కొత్త రూపు దాల్చింది. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో జార్జియో మొరోడర్ అనే సంగీతకర్త 1977లో డోనా సమ్మర్ అనే గాయని చేత "ఐ ఫీల్ లవ్" పాడించాడు. అందులోని వాద్యసంగీతం దాదాపు అంతా విద్యుత్ యంత్రాల నుండి పుట్టినదే. నాలుగు మాత్రల ఆవృతంలో ప్రతి మాత్రకూ పెద్ద డప్పు ఒకే విధంగా మోగుట ఈ సంగీతానికి గుర్తు. గొంతును, వాద్యాలను వేరువేరుగా ముద్రించి తరువాత మేళవించుట దాని పద్ధతి. ఇందులో మోసానికీ చోటు కలదు. జర్మనీలోనే ఫ్రాంక్ ఫారియన్ నిర్మించిన బోనీ ఎం బృందంలో వేదికపై నర్తించిన పురుషుడు ఒకరు, రికార్డులో వినిపించిన పురుష కంఠం ఫారియన్‌ది. ఐరోపా నృత్యగీతాన్ని గుడ్డిగా కొనియాడవలసిన పని లేదని చెప్పుటకే ఈ సంగతి ప్రస్తావించాను.

నాజియా 1965 ఏప్రిల్ 3న కరాచీలో జన్మించి, లండన్‌లో పెరిగింది. అక్కడ నటుడు, నిర్మాత ఫిరోజ్ ఖాన్ ఆమెను చూచి, సంగీత దర్శకుడు బిడ్డు వద్దకు పంపాడు. బిడ్డు మన పొరుగునే ఉన్న బెంగళూరు వాడు. ఇంగ్లాండు చేరి, 1974లో కార్ల్ డగ్లస్ పాడిన "కుంగ్ ఫూ ఫైటింగ్" ద్వారా ప్రపంచ ప్రసిద్ధి పొందినవాడు. వీరి కలయిక ఫలితమే 1980లో వచ్చిన "కుర్బానీ" చిత్రంలోని "ఆప్ జైసా కోయీ". ఆ పాటకు 1981లో నాజియా ఉత్తమ గాయనిగా ఫిలింఫేర్ బహుమతి అందుకొన్నది. పాడిన నాటికి ఆమె బడి వయస్సు దాటని బాలిక.

తరువాత తమ్ముడు జోహెబ్‌తో కలిసి 1981లో "డిస్కో దీవానే" వెలువరించింది. 1982లో "స్టార్" చిత్రానికి పాడింది. 1984లో "యంగ్ తరంగ్", 1987లో "హాట్‌లైన్", 1992లో "కెమెరా కెమెరా" వచ్చినవి. చివరిది మాదకద్రవ్యాలకు వ్యతిరేకంగా సాగిన ప్రచారంతో ముడిపడినది. పన్నెండు సంవత్సరాలలో అయిదు సంపుటాలు! కీర్తి తలకెక్కిన వారి వలె ఏటేటా ఒకటి చొప్పున గుప్పించలేదు.

మరి ఆ నడుమ ఆమె ఏమి చేసినది? చదువుకొన్నది. వ్యాపార నిర్వహణ, అర్థశాస్త్రం అభ్యసించింది. లండన్ విశ్వవిద్యాలయం నుండి న్యాయశాస్త్ర పట్టం పొందింది. న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి కార్యాలయంలో ఉద్యోగం చేసింది. 2000 ఆగస్టు 13న, 35 ఏళ్ళ వయస్సులో, ఊపిరితిత్తుల క్యాన్సరుతో లండన్‌లో కన్నుమూసింది. పాకిస్తాన్ ప్రభుత్వం 2002లో మరణానంతర గౌరవంగా ఆమెకు ఉన్నత పురస్కారం ప్రకటించింది. పాట ఆమె పుస్తకాన్ని మూయలేదు.

"అది లండన్, ఇది కామారెడ్డి" అని పెద్దలు అనవచ్చును. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఆమెకు సంపన్న కుటుంబం అండగా నిలిచింది. మన పిల్లలకు అట్టి అండ లేదు. ఆమె పాటలలోని సాహిత్యం తేలికపాటిదనియూ నేను అంగీకరిస్తాను. గాలిబ్ గజల్‌ను తూచే త్రాసులో దానిని తూచరాదు. నేడు చేతిలోని ఫోనులో పట్టిన పాట ఎవరి చేతికి పోవునో, ఎట్లా వక్రీకరింపబడునో అని తల్లిదండ్రులు జంకుతున్నారు. ఆ భయమూ నిరాధారమైనది కాదు. కాని ఇవన్నీ జాగ్రత్త వహించుటకు కారణాలే తప్ప, గొంతు నొక్కుటకు కారణాలు కావు.

మరొక సంగతి. ఐరోపా డిస్కో మన తెలుగు నేలకూ వచ్చినది. 1982 నాటి "డిస్కో డాన్సర్"కు సంగీతం కూర్చిన బప్పీ లహిరి 1986లో కృష్ణగారి "సింహాసనం"తో తెలుగులో అడుగుపెట్టి, "గ్యాంగ్ లీడర్" వరకు మన యువకులను ఉర్రూతలూగించాడు. అట్టి పాటలకు మన విద్యార్థులు ప్రతి వార్షికోత్సవంలోనూ నర్తిస్తూనే ఉన్నారు. ఆ కుర్రవాళ్ళ చదువు ఏమగునని ఎవరైనా అడిగితిరా? ప్రశ్న పాటను గురించినదే అయితే ఇరువురినీ అడగవలెను. ఆడపిల్లను మాత్రమే అడిగినచో, అది పాటను గురించిన ప్రశ్న కాదు.

ఇక నా తప్పు ఒప్పుకొనవలసి ఉన్నది. కొంతకాలం క్రిందట ఎల్లారెడ్డి నుండి ప్రతిదినమూ బస్సులో వచ్చే ఒక విద్యార్థిని వేదికపై పాడుటకు పేరు ఇచ్చినది. ఒక తెలుగు లలితగీతం, ఒక ఉర్దూ నాత్ ఎంచుకొని సాధన చేసినది. నా తెలుగు తరగతిలో పద్యాన్ని అర్థం చెడకుండా విరిచి చదువగలిగినది ఆమె ఒక్కతే. ఉత్సవానికి రెండు రోజుల ముందు జాబితాలో ఆమె పేరు కనిపించలేదు. "ఎందుకు సార్?" అని ఆమె నన్ను అడిగినది. ఆ జాబితా తయారైన గదిలో నేనూ కూర్చున్నాను, నోరు మెదపలేదు. "వచ్చే ఏడు చూద్దామమ్మా" అన్నాను. వచ్చే ఏటికి ఆమె మన కళాశాలలో లేదు. పెండ్లి అయినదని తెలిసినది. పాడనిచ్చి ఉంటే చదువు సాగేదని నేను అనజాలను. కాని పాడనీయకుండుట వలన ఆమె చదువు నిలువలేదన్నది మాత్రం నిజం. ఏ పుస్తకాన్ని రక్షించుటకు ఆ పాటను ఆపితిమో, ఆ పుస్తకమూ మూతపడినది.

కావున కళాశాల కమిటీ పెద్దలకు సవినయంగా మూడు మనవులు. పాడదలచిన విద్యార్థిని తల్లిదండ్రుల నుండి వ్రాతపూర్వకంగా సమ్మతి తీసుకొనండి. సమ్మతి ఉన్నచోట మనం అడ్డుపడవద్దు. పాటల ఎంపికను ఇద్దరు అధ్యాపకురాండ్రకు, ఉర్దూ, తెలుగు శాఖల వారికి అప్పగించండి. సాహిత్యం వారు చూచుకొందురు. ఆడపిల్లల కార్యక్రమాన్ని పగటిపూటనే ముగించండి. ఎల్లారెడ్డి బస్సు అందుకొనవలసిన వారు నిశ్చింతగా ఇల్లు చేరుదురు. వీటిలో దేనికీ కళాశాల నిధి నుండి ఒక్క రూపాయి ఖర్చు కాదు.

విద్యార్థినీ విద్యార్థులారా! మీకూ ఒక మాట. నాజియాను తలచినప్పుడు ఆమె బహుమతిని మాత్రమే తలవకండి, న్యాయశాస్త్ర పట్టాన్ని కూడా తలవండి. వేదిక దిగిన మరునాడు తరగతిలో మీ హాజరు పలికినప్పుడే మా వాదం నిలుస్తుంది. మీరు గైర్హాజరైతే, "పాటలో పడిన పిల్ల" అనే మాట మళ్ళీ గెలుస్తుంది. ఈసారి జాబితా తయారయ్యే గదిలో నేను మౌనంగా ఉండనని మాట ఇస్తున్నాను. తరగతిలో మీ స్థానాన్ని మీరు ఖాళీగా ఉంచకండి.