ఉష్ణమాపకానికి అందని కోస్తా వేసవి

ప్రతి ఏటా ఏప్రిల్ మాసారంభానికి భారత వాతావరణ శాఖ వేసవి మూడు నెలల అంచనాను విడుదల చేస్తుంది. గరిష్ఠ ఉష్ణోగ్రతలు ఎక్కడెక్కడ సాధారణాన్ని మించగలవో, వడగాడ్పులు ఏ రాష్ట్రాలలో ఎన్ని రోజులు వీచే అవకాశమున్నదో ఆ ప్రకటనలో ఉంటుంది. మరునాటి పత్రికల శీర్షికలన్నీ రాజస్థాన్, విదర్భ, తెలంగాణల చుట్టూ తిరుగుతాయి. 45 డిగ్రీలన్న అంకెకు ఉన్న ఆకర్షణ అటువంటిది. పశ్చిమబెంగాల్ నుంచి ఒడిశా, కోస్తాంధ్రల మీదుగా తమిళనాడు వరకు సాగే తూర్పు తీరానికి మాత్రం వేడి, తేమలతో కూడిన అసౌకర్య వాతావరణం, అక్కడక్కడ ఉరుములతో జల్లులు అన్న ఒక్క వాక్యం దక్కుతుంది. కోట్లాది ప్రజల ప్రాణాలకు, పంటలకు, దినసరి కూలికి సంబంధించిన సమస్యను అసౌకర్యమనే పదం కింద కప్పిపెట్టడం ఉచితం కాదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నది ప్రధానంగా మెట్ట సీమల అనుభవం. సముద్రతీరాన రోళ్లు పగలవు. ఒంటిమీది చెమట ఆరదు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదకరమో తేల్చడానికి చిన్న లెక్క చాలు. 44 డిగ్రీల ఎండ కాస్తూ, గాలిలో తేమ 20 శాతం మాత్రమే ఉన్న రామగుండం వంటి ఊరిని ఒకవైపు, 34 డిగ్రీలే ఉండి తేమ 75 శాతానికి చేరిన కాకినాడ లేదా పూరీ వంటి ఊరిని మరొకవైపు తీసుకుందాం. ఉష్ణమాపకం బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి తగిలే చోట ఉంచితే, మొదటి ఊరిలో పాదరసం సుమారు 25 డిగ్రీలకు దిగుతుంది. రెండవ ఊరిలో 30 వద్దనే నిలిచిపోతుంది. పొడిగాలి తడిని త్వరగా లాగివేసి చల్లబరచగలదు. నీటి ఆవిరితో నిండిన గాలికి ఆ శక్తి లేదు. చెమట పట్టిన మనిషి శరీరం తడిగుడ్డ చుట్టిన బల్బు వంటిదే కనుక, పది డిగ్రీలు తక్కువ ఎండలో ఉన్న తీరవాసి దేహమే తన వేడిని వదిలించుకోలేక ఎక్కువ అవస్థ పడుతుంది.

ఈ తడిబల్బు ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు చేరితే ఆరోగ్యవంతుడు నీడలో కూర్చుని ఎంత నీరు తాగినా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని 2010లో స్టీవెన్ షెర్‌వుడ్, మాథ్యూ హ్యూబర్ అనే శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. పాకిస్థాన్‌లోని జకోబాబాద్‌లో ఆ హద్దును కొద్దిసేపు తాకిన సందర్భాలున్నాయని 2020లో ప్రచురితమైన ఒక పరిశోధన వెల్లడించింది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో యువతీయువకులపై జరిపిన ప్రయోగాల ఫలితాలు 2022లో వెలువడి మరింత ఆందోళన కలిగించాయి. గాలిలో తేమ అధికంగా ఉన్నప్పుడు తడిబల్బు 31 డిగ్రీల సమీపానికి రాగానే వారి శరీరాలు ఉష్ణాన్ని అదుపులో ఉంచుకోలేకపోయాయి. ప్రయోగశాలలోని ఆ యువకులు చేసినది స్వల్పమైన పని. నెత్తిన ఇటుకలు మోసే స్త్రీకి, రేవులో బస్తాలు దించే కూలీకి, అరవై దాటిన వృద్ధునికి ఆ హద్దు ఇంకా తక్కువగానే ఉంటుందని వేరుగా చెప్పనక్కరలేదు.

వడగాడ్పుకు మన దేశంలో అమలులో ఉన్న నిర్వచనం ప్రధానంగా పొడి ఉష్ణోగ్రత మీద ఆధారపడినది. మైదాన ప్రాంతంలో గరిష్ఠం కనీసం 40, తీర ప్రాంతంలో 37 డిగ్రీలకు చేరాలి; అది సాధారణం కంటే 4.5 డిగ్రీలైనా అధికంగా ఉండాలి. తీరానికి మూడు డిగ్రీల మినహాయింపు ఇచ్చామన్న తృప్తి తప్ప తేమకు ఇందులో స్థానం లేదు. 35 డిగ్రీల ఎండ, 70 శాతం తేమతో వారం రోజులు గడిచినా ఆ కేంద్రంలో వడగాడ్పు నమోదు కాదు. వేడి, తేమలను కలిపి చూపే ఉష్ణసూచీని వాతావరణ శాఖ 2023లో ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. అది హర్షించదగినదే. అయితే జిల్లా యంత్రాంగాన్ని కదిలించేది ఇప్పటికీ ప్రధానంగా వడగాడ్పు అన్న మాటే.

2023 ఏప్రిల్ 16న నవీ ముంబయిలోని ఖార్ఘర్‌లో జరిగిన ప్రభుత్వ పురస్కార ప్రదానోత్సవం ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగినది. అశేష జనం మిట్టమధ్యాహ్నం వరకు ఆరుబయట కూర్చున్న ఆ సభలో వడదెబ్బ తగిలి 14 మంది మరణించారు. ఆ రోజు అక్కడి ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరలేదు. నాగపూర్‌లోనో రామగుండంలోనో అయితే అటువంటి సభను మధ్యాహ్నం పెట్టడానికి నిర్వాహకులు జంకేవారు. సముద్రం పక్కనే ఉన్నదన్న ధీమా జనాన్ని ఎండలో కూర్చోబెట్టింది.

పగటి బాధకు రాత్రి ఉపశమనం లభించకపోవడం తీరప్రాంతపు మరొక ప్రత్యేకత. మెట్ట ప్రాంతంలో పొద్దు గుంకిన తరువాత నేల వేడిని ఆకాశంలోకి వదిలివేస్తుంది. కోస్తాలో గాలిలోని నీటి ఆవిరి ఆ వేడిని పోనివ్వదు. కనిష్ఠ ఉష్ణోగ్రత 28, 29 డిగ్రీల వద్దనే ఆగినప్పుడు రేకుల కప్పు కింద నిద్రించే కుటుంబం మరునాటి పనికి అలసటతోనే లేస్తుంది. ఎండల కారణంగా కూలి పనులను తెల్లవారుజామునకు మార్చడం, ఒడిశాలో మాదిరి ఉదయం 11 నుంచి మధ్యాహ్నం దాటేవరకు ఆరుబయటి పనిని నిలిపివేయించడం ఉచితమైన చర్యలే. కాని తీరంలో ఉదయం ఏడు గంటలకే ఉక్క మొదలవుతుంది. తడిబల్బు కొలతలో ఉదయానికీ మధ్యాహ్నానికీ ఉండే తేడా మెట్టలో ఉష్ణోగ్రతకు ఉన్నంత ఉండదు. అందువల్ల వేళలు మార్చినంత మాత్రాన సరిపోదు. పని మధ్యలో విరామాలు, నీడ, నీరు అవసరం. విరామానికి కూలి కోత లేకపోవడం అంతకంటే అవసరం. ఎండల కారణంగా 2030 నాటికి భారతదేశం 5.8 శాతం పనిగంటలను కోల్పోవచ్చునని, అది 3 కోట్ల 40 లక్షల పూర్తికాల ఉద్యోగాలకు సమానమని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో అంచనా వేసింది. ఆ నష్టం మొదట పడేది రోజుకూలీ సంచిలోనే.

ఇక ఆకాశం నిలకడగా లేకపోవడం మరొక కథ. ఏప్రిల్, మే మాసాలలో విదర్భ లేదా మధ్యప్రదేశ్ నుంచి తెలంగాణ, రాయలసీమల మీదుగా తమిళనాడు వరకు తరచు ఒక ద్రోణి ఏర్పడుతుంది. దానికి తూర్పున బంగాళాఖాతం నుంచి తేమగాలి, పడమట భూభాగం నుంచి పొడిగాలి వచ్చి కలుస్తాయి. పగలంతా కాగిన నేల ఆ తేమను పైకి నెట్టగానే సాయంత్రానికి మేఘాలు గోపురాల వలె లేస్తాయి. బెంగాల్‌లో వీటినే కాలబైశాఖి అంటారు. అరగంట వాన, ఈదురుగాలి, పిడుగులు. తరువాత మళ్లీ ఉక్క. తడిసిన నేల నుంచి లేచే ఆవిరి మరునాటి తేమను మరింత పెంచుతుంది. జల్లు పడింది కదా, వేసవి తగ్గిందని ప్రజలు భావించడం సహజమే గాని ప్రభుత్వాలు కూడా అట్లాగే భావించడం తగదు.

పిడుగుల వల్ల కలిగే ప్రాణనష్టం తక్కువది కాదు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2021లో 2,880 మంది, 2022లో 2,887 మంది దేశంలో పిడుగుపాటుకు బలయ్యారు. వారిలో అధికులు పొలాలలో పనిచేస్తున్నవారే. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36 వేలకు పైగా పిడుగులు నమోదైనట్లు రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ తెలిపింది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధనా సంస్థ రూపొందించిన దామిని అనే యాప్ ముందస్తు హెచ్చరిక ఇవ్వగలుగుతున్నది. చేలో వంగి కోత కోస్తున్న స్త్రీ చేతిలో ఆ ఫోన్ ఉండదన్నదే చిక్కు.

ఈ అకాల వర్షాలు పడే కాలమే గోదావరి, కృష్ణా డెల్టాలలో దాళ్వా వరి కోతకు వచ్చే కాలం. కళ్లాలలో, రోడ్ల అంచున ఆరబోసిన ధాన్యం ఒక్క సాయంత్రపు వానకు తడిసిపోతుంది. కేంద్ర ప్రమాణాల ప్రకారం కొనుగోలుకు తేమ 17 శాతం మించరాదు. వాన పడకపోయినా తీరపు గాలిలోని తేమ వల్ల ధాన్యం ఆరడానికి అదనపు రోజులు పడుతుంది. ఆ రోజులలోనే మరొక వాన కురుస్తుంది. 2023లో ఏప్రిల్ చివర, మే మొదట కురిసిన వానలకు తెలుగు రాష్ట్రాలు రెండింటిలోను వరి, మొక్కజొన్న రైతులు నష్టపోయిన తీరు పాఠకులు మరచి ఉండరు. బరకాలు చాలలేదన్న ఫిర్యాదు, తేమ పరిమితి సడలించాలన్న డిమాండు, మిల్లర్ల తరుగు కోత వానలు కురిసిన ప్రతి ఏడూ అదే వరుసలో వినవస్తాయి. సాధారణంగా మే నెలలో జల్లులు పడతాయని తెలిసినప్పుడు ఆరబెట్టే యంత్రాలను కొనుగోలు కేంద్రాల వద్ద ముందుగానే ఎందుకు ఉంచరాదన్న ప్రశ్నకు సమాధానం రావలసి ఉన్నది. ఈదురుగాలికి మామిడి రాలిపోవడం, శ్రీకాకుళం జిల్లా నౌపడలోను, ఒడిశాలోని గంజాం తీరాన ఉప్పు మళ్లలోను పేరుకున్న ఉప్పు కరిగిపోవడం పెద్ద శీర్షికలకు ఎక్కని నష్టాలు. రొయ్యల చెరువుల వారికి మబ్బు పట్టి గాలి నిలిచిన రాత్రి గండమే. నీటిలో ప్రాణవాయువు పడిపోయినప్పుడు గాలి తిప్పే యంత్రాలకు కరెంటు కావాలి. ఈదురుగాలికి తీగలు తెగేది సరిగా ఆ సమయంలోనే. దేశ విద్యుత్ గిరాకీ 2024 మే 30న 250 గిగావాట్లకు చేరి కొత్త రికార్డు సృష్టించింది.

తుపానుల విషయానికి వస్తే, బంగాళాఖాతంలో మే నెల కూడా వాటి కాలమే. 1990 మే 9న కృష్ణా తీరాన్ని తాకిన తుపాను వందలాది ప్రాణాలను బలిగొన్నది. 2010లో లైలా బాపట్ల సమీపాన, 2019లో ఫణి పూరీ వద్ద, 2020లో ఆంఫన్ బెంగాల్‌లో తీరం దాటాయి. సముద్రంలో తుపాను ఉన్నదంటే వాన వచ్చి చల్లబడుతుందని కోస్తాలో చాలామంది ఎదురుచూస్తారు. అది ఈశాన్య దిశగా మళ్లినప్పుడు జరిగేది అందుకు విరుద్ధం. తుపాను తన చుట్టూ తేమను లాక్కుని పోతుంది; పడమటి నుంచి పొడిగాలి తీరం వరకు దూసుకువచ్చి సముద్రపు గాలిని అడ్డగిస్తుంది. 2003 మే నెలలో ఏర్పడిన తుపాను శ్రీలంకలోని రత్నపురి ప్రాంతాన్ని వరదలలో ముంచి 250 మందికి పైగా మృతికి కారణమైంది. అనంతరం అది మయన్మార్ వైపు సాగిపోతుండగా ఆంధ్రప్రదేశ్ వడగాడ్పులలో అల్లాడింది. ఆ వేసవిలో ఉమ్మడి రాష్ట్రంలో మూడు వేల మందికి పైగా మరణించారు. ఒకే తుపాను ఒక దేశానికి జలగండం, పొరుగు దేశానికి అగ్నిగండం అయింది. ఈశాన్యానికి మళ్లిన తుపాను గురించిన ప్రకటన ఆంధ్రకు ముప్పు తప్పిందన్న మాటతో ముగియడం మనకు అలవాటు. ఎండ హెచ్చరిక ఆ ప్రకటనలోనే మొదలు కావలసి ఉన్నది.

హెచ్చరికల వల్ల ప్రయోజనం లేదనడానికి వీలులేదు. 1998లో ఒడిశాలో రెండు వేల మందికి పైగా వడదెబ్బకు మరణించిన తరువాత ఆ రాష్ట్రం వడగాడ్పును తుపానుతో సమానమైన విపత్తుగా పరిగణించి గ్రామస్థాయి ఏర్పాట్లు చేసుకున్నది. అంతటి ప్రాణనష్టం అక్కడ మళ్లీ నమోదు కాలేదు. 2013లో అహ్మదాబాద్ నగరం దక్షిణాసియాలోనే తొలి ఉష్ణ కార్యాచరణ ప్రణాళికను చేపట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో 1,300 మందికి పైగా చనిపోయిన తరువాత ఏ మండలంలో వడగాడ్పు, ఏ మండలంలో తీవ్ర వడగాడ్పు అన్న జాబితాను ముందురోజే వెలువరించే పద్ధతి స్థిరపడింది. తమిళనాడు 2024లో, తెలంగాణ 2025లో వడగాడ్పును రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించి మృతుల కుటుంబాలకు రూ.4 లక్షల పరిహారానికి మార్గం ఏర్పరచాయి.

అయితే పరిహారం అందాలంటే మరణం ఎండ వల్లనే సంభవించిందని నిర్ధారణ కావాలి. 44 డిగ్రీల రోజున కూలిపోయిన మనిషి విషయంలో తహశీల్దారు, వైద్యాధికారి సంతకం పెట్టడానికి వెనుకాడకపోవచ్చు. 35 డిగ్రీల రోజున ఉక్కలో గుండె ఆగి చనిపోయిన రేవు కూలీది సహజ మరణంగానే కాగితాలకెక్కే ప్రమాదమున్నది. ఆనాటి మండల జాబితాలో ఆ ఊరి పేరు ఉండదు కనుక కుటుంబం చూపగల సాక్ష్యమూ ఉండదు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి కొత్త ఉపగ్రహాలు, కొత్త యంత్రాలు అవసరం లేదు. వాతావరణ కేంద్రాలు ఉదయం 8.30కి, సాయంత్రం 5.30కి తేమ శాతాన్ని నమోదు చేస్తూనే ఉన్నాయి. మండలాలలోని స్వయంచాలక కేంద్రాలు రాత్రి కనిష్ఠాన్ని, తేమను కూడా పంపుతున్నాయి. తీర జిల్లాలకు ఆ అంకెలతో తడిబల్బు లెక్కగట్టి, 28 డిగ్రీలు దాటిన మండలాలను వడగాడ్పు మండలాల సరసన ప్రకటించి, పని విరామాలకు, వైద్య ఏర్పాట్లకు, పరిహారానికి ఆ ప్రకటననే ప్రాతిపదిక చేయడం రాష్ట్ర ప్రభుత్వాల చేతిలో ఉన్న పని. తదుపరి వేసవి అంచనా వెలువడక మునుపే ఉత్తర్వు జారీ అయితే జిల్లా కలెక్టర్లకు సన్నాహానికి కొన్ని వారాల వ్యవధి లభిస్తుంది.